వీఆర్ పాయింటింగ్ ట్యూనింగ్‌కి బేసియన్ ఆప్టిమైజేషన్: మనిషికి 25 కొలతలతో నమ్మదగ్గ ఫలితం వస్తుందా?

కొలబద్ద (ప్రశ్న; కింద వంపుగీత, నిశ్చలబిందువు, పోలిక అనే పేర్లతో ఉన్నవి జవాబులు):

వీఆర్‌లో, అంటే తలకు తొడుక్కునే పరికరంలో కనిపించే కృత్రిమ లోకంలో, చేతిలోని కంట్రోలర్ నుంచి వచ్చే కిరణంతో దూరంలో ఉన్న గుర్తులను ఎంచుకునే పద్ధతిని ట్యూన్ చెయ్యాలి. పారామీటర్లు నాలుగు. గెయిన్, అంటే చెయ్యి తిరిగినదానికి కిరణం ఎన్ని రెట్లు తిరుగుతుందో, 0.5 నుంచి 3 దాకా. చేతి వణుకును నునుపు చేసే వన్ యూరో ఫిల్టర్‌లో కనిష్ఠ కటాఫ్ (ఇది తగ్గితే వణుకు ఎక్కువగా అణుగుతుంది) 0.1 నుంచి 5 హెర్ట్జ్. అదే ఫిల్టర్‌లో బీటా, అంటే వేగం పెరిగితే కటాఫ్ ఎంత పెరగాలో, 0.0001 నుంచి 0.1. ఎంపిక ఖాయం కావడానికి గుర్తు మీద కిరణం నిలవాల్సిన సమయం, అంటే డ్వెల్, 200 నుంచి 800 మి.సె. తగ్గించాల్సినవి రెండు: ఎంపికకు పట్టే సమయం, తప్పు ఎంపికల శాతం. పాల్గొనేవాళ్లు 12 మంది, ఒక్కొక్కరికి 25 కొలతలకు మించి వీలుపడదు.

ఇప్పుడున్న సెటప్‌లో ఒక్కో కొలతకు 8 ఎంపికలు చేయిస్తున్నాం. బేసియన్ ఆప్టిమైజర్ (వచ్చిన కొలతల నుంచి మోడల్ కట్టి, తరవాత ఏ విలువలు పరీక్షించాలో సూచించే ప్రోగ్రాం) దాదాపు ప్రతిసారీ డ్వెల్‌ని 200కే తీసుకుపోతోంది, మిగతా పారామీటర్లు కూడా హద్దుల దగ్గరే తిరుగుతున్నాయి. ఒకే డిజైన్‌ని, అంటే నాలుగు పారామీటర్ల ఒకే విలువల కూర్పుని, రెండుసార్లు కొలిస్తే సమయం చాలా తేడాగా వస్తోంది. తోడేలు, గబ్బిలం పేర్లతో వచ్చే కొత్త అల్గారిథమ్‌లకు మారితే ఏమైనా ప్రయోజనం ఉంటుందా? లేక లోపం కొలిచే తీరులోనే ఉందా?

వంపుగీత:

లోపం కొలిచే తీరులోనే ఉంది. అల్గారిథమ్ మార్చే ముందు లెక్క ఒకసారి వేసి చూడండి.

తప్పుల శాతంతో మొదలుపెడదాం. 8 ఎంపికల్లో తప్పుల శాతం 0, లేదా 12.5, లేదా 25. మధ్యలో ఇంకో విలువే లేదు. ఎంపికలను 20కి పెంచినా, అసలు తప్పుల రేటు 4 శాతం అయితే ఆ అంచనాకు ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) 4.4 శాతం దాకా ఉంటుంది. కొలవాల్సినదానికంటే దోషమే పెద్దదన్నమాట. మరోపక్క డ్వెల్ నేరుగా సమయంలో కలుస్తుంది: 800 నుంచి 200కి దించితే ప్రతి ఎంపికలోనూ 600 మి.సె. మిగులుతుంది, అందులో నాయిజ్, అంటే కొలతలో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు, అసలు లేదు. ఒక లక్ష్యంలో అంత స్పష్టమైన లాభం, రెండోదాంట్లో ఏమీ తేలని నష్టం. మోడల్ 200 వైపు పోక ఏం చేస్తుంది?

అందుకని తప్పులను లెక్కపెట్టే బదులు అవిచ్ఛిన్నంగా మారే రాశిని కొలవండి. డ్వెల్ పద్ధతిలో పనికొచ్చేవి రెండున్నాయి: కిరణం గుర్తులోకి వచ్చి, ఎంపిక పూర్తికాకముందే బయటికి జారిన సందర్భాల సగటు, డ్వెల్ నడుస్తున్నంతసేపూ కిరణం గుర్తు కేంద్రం నుంచి ఎంత చెదిరిందన్న కోణం, డిగ్రీల్లో. రెండోది తక్కువ ఎంపికలతోనే స్థిరపడుతుంది. ఇంకో సంగతి, గుర్తు పక్కన వేరే గుర్తులు లేకుండా పరీక్షిస్తే డ్వెల్ తగ్గించినందుకు శిక్షే పడదు. చూపు ఆధారిత ఇంటర్‌ఫేస్‌లలో మిడాస్ టచ్ అనే సమస్యే (ఎంచుకోవాలనుకోకపోయినా ఆగినదల్లా ఎంపికైపోవడం) ఇక్కడా వస్తుంది, కాబట్టి అడ్డుగా పొరుగు గుర్తులు పెట్టే తీరాలి.

ఇక సమయం. ఒక్కో ఎంపికలో ప్రామాణిక విచలనం 300 మి.సె. అనుకుంటే 8 ఎంపికల సగటుకు దోషం 106, 20కి 67. రెండు డిజైన్ల తేడాకు వచ్చేసరికి దాన్ని 1.41తో గుణించాలి, అంటే 20 ఎంపికలతో కూడా 95 మి.సె. అవుతుంది. మీరు వెతుకుతున్న తేడా అంతకంటే చిన్నదైతే ఏ ఆప్టిమైజరూ ఆదుకోలేదు. సమయాల పంపిణీ కుడివైపు సాగి ఉంటుంది కాబట్టి నేరుగా సగటుకు బదులు సమయాల లాగరిథమ్‌ల సగటు తీసుకోండి. గుర్తు దూరం, వెడల్పుల జతలు ప్రతి కొలతలోనూ అవే ఉండాలి. కిరణంతో పని గనుక రెండూ కోణాల్లోనే లెక్కించండి. కఠినతా సూచి లాగ్2(దూరం/వెడల్పు + 1) 2 నుంచి 5 బిట్ల మధ్య ఉండేలా నాలుగు జతలు చాలు.

హద్దుల సంగతి: గాసియన్ ప్రాసెస్‌కి, అంటే ఆప్టిమైజర్ లోపల ఫలితాన్నీ దాని అనిశ్చితినీ అంచనా వేసే మోడల్‌కి, అంచుల దగ్గర అనిశ్చితి సహజంగానే ఎక్కువ, పొరుగు కొలతలు ఒకవైపే ఉంటాయి కదా. స్కేల్ కూడా సరిగ్గా లేకపోతే అది ఇంకా ముదురుతుంది. గెయిన్, కటాఫ్, బీటా మూడింటినీ లాగ్ స్కేల్‌కి మార్చి, తరవాత 0–1 మధ్యకు తెండి. గెయిన్ 0.5, 2 రెండూ 1కి సమాన దూరంలో ఉండాలి. బీటాని వేగంతో గుణించి కనిష్ఠ కటాఫ్‌కి కలుపుతారు కాబట్టి దాని విలువ వేగం యూనిట్‌ని బట్టి మారిపోతుంది. వేగం సెకనుకు 100 డిగ్రీలుంటే 0.1 బీటా కటాఫ్‌ని 10 హెర్ట్జ్ పెంచుతుంది. అదే కోడ్ రేడియన్లలో నడుస్తుంటే పెరిగేది 0.17 మాత్రమే. ఇది సరిచూసుకోకపోతే బీటా ఏ పనీ చెయ్యకుండా బడ్జెట్ తింటుంది.

నిశ్చలబిందువు:

తోడేలు, గబ్బిలాల గురించి అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను: వద్దు. జనాభా ఆధారిత పద్ధతులకు (ఒకేసారి ఎన్నో డిజైన్లను పరీక్షించి, మంచివాటి నుంచి తరవాతి తరాన్ని తయారుచేసేవి) సాధారణంగా వందల నుంచి వేల మూల్యాంకనాలు కావాలి, మీ దగ్గరున్నవి 25. పైగా ఆ సాహిత్యం మీద వచ్చిన విమర్శ గట్టిది. రూపకం మారిస్తే కొత్త పద్ధతి అయిపోదని సోరెన్‌సెన్ 2015లోనే రాశారు. గ్రే వుల్ఫ్, ఫైర్‌ఫ్లై, బ్యాట్ అల్గారిథమ్‌లలో కొత్తదనం లేదని 2020లో కమాచో-విల్లాలోన్ బృందం విడమరిచి చూపించింది. 2022లో కుడెలా ఎత్తిచూపిన లోపం ఆచరణలో మరీ ముఖ్యం: వాడుకలో ఉన్న పరీక్షా ఫంక్షన్లలో చాలావాటికి కనిష్ఠం సరిగ్గా మధ్యలో ఉంటుంది, అందుకే మధ్యకు లాగే అల్గారిథమ్ ఏదైనా అక్కడ గొప్పగా కనిపిస్తుంది. కనిష్ఠాన్ని పక్కకు జరిపి మళ్లీ నడిపితే విషయం బయటపడుతుంది.

జనాభా ఆధారితమే కావాలంటే సీఎంఏ-ఈఎస్ ఒక్కటి ఆలోచించదగ్గది. నాలుగు పారామీటర్లకు దాని డిఫాల్ట్ జనాభా 8, అంటే ఒక్కో తరంలో 8 డిజైన్లు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన చీలమండ ఎక్సోస్కెలిటన్ (నడకకు తోడ్పడే తొడుగు యంత్రం) పరిశోధనలో దాన్నే వాడారు. ఒక్కో కంట్రోల్ నియమానికి 2 నిమిషాల నడక, అంటే ఒక్క తరానికే 16 నిమిషాలు. మరుసటి ఏడాది సైన్స్ రోబోటిక్స్‌లో వచ్చిన తుంటి ఎక్సోసూట్ పనిలో పారామీటర్లు రెండే, వాడింది బేసియన్ ఆప్టిమైజేషన్, సగటున 21 నిమిషాల చిల్లరలో కుదురుకుంది. కొలత ఖరీదైనప్పుడు మోడల్‌తో నడిచే పద్ధతే మేలు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: సాధన. ఎవరైనా సరే పాయింటింగ్ చేస్తున్నకొద్దీ మెరుగవుతారు, తరవాత చెయ్యి బరువెక్కి నెమ్మదిస్తారు. ఆప్టిమైజర్‌కి ఈ సంగతి తెలియదు. చివర్లో కొలిచిన డిజైన్లు మంచివని, లేదా చెడ్డవని పొరబడుతుంది, తరవాతి సూచనలన్నీ ఆ పొరపాటు మీదే కడుతుంది. దీనికి మూడు పనులు కలిపి చెయ్యాలి. మొదట డిఫాల్ట్ డిజైన్‌తో సాధన చేయించి, వరుసగా రెండు బ్లాకుల మధ్య సమయం తేడా 5 శాతం లోపుకు వచ్చాకే అసలు పని మొదలుపెట్టండి. ప్రతి 5 కొలతలకు ఒకసారి అదే డిఫాల్ట్‌ని మళ్లీ కొలవండి, సాధన, అలసటల వల్ల వచ్చే మార్పు, అంటే డ్రిఫ్ట్, ఎటు పోతోందో అది చెప్తుంది. కొలత వరుస సంఖ్యను గాసియన్ ప్రాసెస్‌కి అయిదో ఇన్‌పుట్‌గా ఇచ్చి, కొత్త డిజైన్‌ని వెతికేటప్పుడు మాత్రం దాన్ని ఒకే విలువ దగ్గర కట్టేయండి.

గెయిన్ మారిన వెంటనే చేసే మొదటి నాలుగు ఎంపికలు పాత అలవాటువే, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. 24 చేయించి 20 ఉంచుకోండి. ఎంపికకు ఒకటిన్నర సెకన్లు అనుకుంటే కొలతకు 36 సెకన్లు, అరనిమిషం విశ్రాంతి. అప్పుడు 25 కొలతలూ, మధ్యలో వచ్చే డిఫాల్ట్‌లూ కలిపి అరగంట దాటి కొంచెం. చెయ్యి చాపి చేసే పనికి అంతకు మించి అడగడం న్యాయం కాదు.

కొలబద్ద:

చాలా ఉపయోగం. రెండు లక్ష్యాలనూ బరువులేసి ఒకటిగా కలిపెయ్యాలా, పారెటో ఫ్రంట్ (ఒక లక్ష్యం చెడకుండా రెండోది ఇక మెరుగుపడని డిజైన్ల వరుస) వెతకాలా? 12 మందికీ చివరికి ఒకే సెట్టింగ్ ఇవ్వాలి. సౌకర్యం ఎలా ఉందో కూడా అడగాలని ఉంది.

పోలిక:

బరువులు ముందే తెలిస్తే కలిపెయ్యండి, తెలియకపోతే ఫ్రంటే మేలు. కానీ మామూలు హైపర్‌వాల్యూమ్ పద్ధతితో (ఫ్రంట్ కప్పే విస్తీర్ణాన్ని పెంచుతూ పోయేది) ఒక చిక్కుంది. అదృష్టవశాత్తు బాగా వచ్చిన ఒక్క కొలత ఫ్రంట్‌లో తిష్ఠ వేస్తే, దాన్ని దాటే డిజైన్ దొరకదని ఆప్టిమైజర్ ఆ ప్రాంతాన్ని వదిలేస్తుంది. నాయిజ్‌ని లెక్కలోకి తీసుకునే రూపాన్ని 2021లో డాల్టన్ బృందం ప్రతిపాదించింది, బోటార్చ్ అనే బేసియన్ ఆప్టిమైజేషన్ లైబ్రరీలో సిద్ధంగా ఉంది, దాన్నే వాడండి. రిఫరెన్స్ బిందువుని (ఆ విస్తీర్ణాన్ని ఎక్కడి నుంచి కొలవాలో చెప్పేది) రెండు లక్ష్యాల్లోనూ మీరు ఒప్పుకోగల చెత్త విలువకు కాస్త అవతల పెట్టండి. మరీ దూరం పెడితే ఫ్రంట్ కొసల్లోని పనికిరాని డిజైన్లకే బడ్జెట్ పోతుంది. మొదటి 8 కొలతలు సోబోల్ వరుస (పరిధి అంతటా సమంగా పరుచుకునే బిందువులు) నుంచి తీసుకోండి, మిగతా 17 మోడల్ చెప్పినవి. కెర్నల్ (దగ్గరి డిజైన్ల ఫలితాలు ఎంత పోలి ఉంటాయో చెప్పే ఫంక్షన్) మాటెర్న్ 5/2, ప్రతి పారామీటర్‌కీ వేరే లెంగ్త్‌స్కేల్ (ఆ పోలిక ఎంత దూరం నిలుస్తుందో), వాటికి ప్రయర్ (ముందస్తు అంచనా) తప్పనిసరి. 8 బిందువులతో ప్రయర్ లేకుండా ఫిట్ చేస్తే లెంగ్త్‌స్కేల్ ఎటో ఎగిరిపోతుంది.

ఒక్కో పారామీటర్‌నీ విడిగా ట్యూన్ చేసే ఆలోచన ఉంటే మానుకోండి. గెయిన్ 2 దగ్గర 2 డిగ్రీల గుర్తు చేతికి 1 డిగ్రీయే, చేతి వణుకు రెట్టింపై కనిపిస్తుంది, అప్పుడు కటాఫ్ తగ్గాలి. ఆ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

సౌకర్యానికి 7 పాయింట్ల రేటింగ్ అడగొద్దు. సెషన్ నడుస్తుండగానే మనసులోని కొలమానం జరిగిపోతుంది. "ఇప్పటిదా, ఇంతకుముందుదా, ఏది హాయిగా ఉంది?" అని జతగా అడగండి. అలాంటి జవాబుల నుంచి గాసియన్ ప్రాసెస్ నేర్చుకునే పద్ధతి 2005 నాటి నుంచే ఉంది. విజువల్ డిజైన్‌లో దీన్ని కొయామా బృందం 2017లో ఇంకా ముందుకు తీసుకెళ్లింది: బహుమితీయ వెతుకులాటను వరుసగా ఒక్కో స్లయిడర్‌గా మార్చి మనిషి చేతికిచ్చారు. మీ పనిలో ఒక్కో కొలతకు నిమిషం పడుతుంది కాబట్టి స్లయిడర్ కుదరదు, జతల పోలికే సరిపోతుంది.

డిజైనర్లు కూడా ఇందులో భాగమైతే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఆప్టిమైజర్ తోడుంటే డిజైన్లు మెరుగవుతాయి కానీ పని తమ చేతిలో ఉందన్న భావన తగ్గుతుందని 2022లో చాన్ బృందం చేసిన అధ్యయనంలో తేలింది. హద్దులు మార్చే, ఒక ప్రాంతాన్ని కొట్టేసే అధికారం వాళ్లకు ఉంచండి.

వంపుగీత:

12 మందికి ఒకే సెట్టింగ్ కావాలంటే ఎవరి ఫలితాన్ని వాళ్లకు తేల్చి సగటు తియ్యకండి. ఇద్దరి ఉత్తమాల నడుమ ఉన్న బిందువు ఇద్దరికీ బాగోకపోవచ్చు. అందరి కొలతలనూ ఒకే మోడల్‌లో వేసి, వ్యక్తిని కేటగిరీ ఇన్‌పుట్‌గా ఇచ్చి, అంచనాల సగటును కనిష్ఠం చెయ్యండి. చివరి ఎంపిక మోడల్ సగటు అంచనాని బట్టి ఉండాలి, కొలిచినవాటిలో అతి మంచి సంఖ్యని బట్టి కాదు. 25 నాయిజీ కొలతల్లో అతి చిన్నది ఎప్పుడూ అసలుకంటే ఆశాజనకంగానే ఉంటుంది.

అదే కారణంగా ఆప్టిమైజేషన్‌లో వచ్చిన అంకెని ఫలితంగా రాయకూడదు. ట్యూనింగ్‌లో లేని కొత్తవాళ్లతో, డిఫాల్ట్, నిపుణులు చేత్తో ట్యూన్ చేసింది, అదే బడ్జెట్‌తో యాదృచ్ఛిక వెతుకులాటలో దొరికింది, మీది, ఈ నాలుగింటినీ వరుస మార్చి మార్చి కొలవండి. యాదృచ్ఛిక వెతుకులాటను తీసేస్తే, లాభం ఆప్టిమైజర్‌దా లేక 25 డిజైన్లు చూసినందుకే వచ్చిందా అన్నది తేలదు.

మనుషులను పిలవకముందు ఒక కృత్రిమ వ్యక్తిని రాయండి: ఫిట్స్ నియమం (గుర్తు దూరమైనా, చిన్నదైనా సమయం పెరుగుతుందనేది), ఎంపికకు 300 మి.సె. నాయిజ్, సాధనతో తగ్గే సమయం, మీకు ముందే తెలిసిన ఉత్తమ బిందువు. మొత్తం పైప్‌లైన్‌ని దాని మీద 200 సార్లు నడపండి. అక్కడే తెలిసిన బిందువుకి చేరలేకపోతే కొలతకు ఎంపికలు పెంచండి, లేదా బీటాని స్థిరంగా ఉంచి మూడు పారామీటర్లకు దిగండి. ఈ నాలుగింటిలో ముందు వదిలెయ్యదగ్గది అదే, ఎందుకంటే దాని ప్రభావం చెయ్యి వేగంగా కదిలేటప్పుడే కనిపిస్తుంది, గుర్తు మీద నిలిచే చివరి దశలో దాదాపు ఉండదు.