కరెంటు పెట్టినన్నాళ్లే హాయి, మానేస్తే మోకాలి నొప్పి మళ్లీ మొదటికే

సిటీబస్సు_బాబాయ్

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో సిటీ బస్సు నడుపుతాను. వయసు 53, బరువు 86 కిలోలు. దిల్‌సుఖ్‌నగర్ – పటాన్‌చెరు రూటు. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాటేదాకా క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతానో ఆ దేవుడికే తెలియాలి.

ఆర్నెల్లుగా ఎడమ మోకాలు సతాయిస్తోంది. నొప్పి చిప్ప వెనకాల. ట్రిప్పు అయ్యాక సీట్లోంచి లేస్తే మొదటి పది అడుగులు కుంటాల్సిందే, తర్వాత సర్దుకుంటుంది. మెట్లు ఎక్కడం ఫర్వాలేదు, దిగడమే నరకం. మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. వాపు మాత్రం లేదు.

ఎక్స్‌రే చూసి డాక్టరు గారు "గుజ్జు అరగడం మొదలైంది, గ్రేడ్ 2" అని ఫిజియోథెరపీ రాశారు. ఇంటి దగ్గర ఒక సెంటర్‌కి పది రోజులు వెళ్లాను, రోజుకు 400. పడుకోబెట్టి, మోకాలికి అటూ ఇటూ ప్యాడ్లు కట్టి ఇరవై నిమిషాలు కరెంటు పెడతారు. జిల్లుమంటూ బాగానే ఉంటుంది. ఆఖరి రోజు ఒక కాగితం చేతిలో పెట్టి "ఇవి ఇంట్లో చేసుకోండి" అన్నారు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసి ఆ బొమ్మలు ఎంత నల్లబడ్డాయంటే, అందులో మనిషి కూర్చున్నాడో పడుకున్నాడో కూడా తెలియలేదు. మానేసిన మూడో రోజుకే నొప్పి మొదటికొచ్చింది. నాలుగు వేలు పోయాయి.

ఫిజియోథెరపీ అంటే ఇంతేనా? గుజ్జు మళ్లీ పెరుగుతుందా? ఆపరేషన్ దాకా పోతుందా? డిపోలో తలా ఒకటి చెబుతున్నారు. ఒకాయన జిల్లేడాకు కట్టమంటే కట్టాను. దురద మిగిలింది.

రాజమండ్రి_కోడలు

అన్నయ్యగారూ, మా అత్తగారికి 68. రెండేళ్ల కిందట వీధి గుమ్మం దాటలేకపోయేవారు. ఇంటికొచ్చిన ఫిజియో అమ్మాయి ముందు చేతికర్ర మార్పించింది. ఈవిడ నొప్పి ఉన్న వైపే పట్టుకునేవారు, రెండో చేత్తో పట్టుకోవాలట. తర్వాత మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం నేర్పింది. సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా చేసేవారు. మన సీరియళ్లలో ప్రకటనలకు కొదవా! ఇప్పుడు గుడికి నడిచే వెళ్తున్నారు. కింద కూర్చోవడం మాత్రం ఇప్పటికీ కుదరదు.

తొడకండరం_ముఖ్యం

పద్నాలుగేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా ఉన్నాను. మీ నాలుగు వేల విషయంలో తప్పు మీది కాదు, మా వాళ్లది. కరెంటు వల్ల, జెల్ రాసి తిప్పే అల్ట్రాసౌండ్ మెషీన్ వల్ల కాసేపు ఉపశమనం ఉంటుంది, అంతే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022లో ఈ అరుగుదలకు వ్యాయామాన్నే ముఖ్య చికిత్సగా పెట్టి, ఇలాంటి కరెంటు పరికరాలు ఇవ్వొద్దని రాసింది. మీ చేతికిచ్చిన ఆ నల్ల కాగితమే అసలు చికిత్స. దాన్ని ఆఖర్న పడేశారు.

గుజ్జు సంగతి. ఎముకల చివర ఉండే ఆ నున్నటి పొరకు నరాలు లేవు, కాబట్టి అది అరగడం నేరుగా నొప్పి పుట్టించదు. నొప్పి దాని కింది ఎముక నుంచి, కీలు లోపలి పొర నుంచి వస్తుంది. అందుకే ఎక్స్‌రేకూ నొప్పికీ లెక్క కుదరదు. గ్రేడ్ 3తో తిరుమల కొండ ఎక్కినవాళ్లనూ చూశాను, గ్రేడ్ 1తో ఏడ్చినవాళ్లనూ చూశాను. గ్రేడ్లు 4 దాకా ఉంటాయి. మీది 2 అంటే ఇప్పట్లో ఆపరేషన్ గురించి టెన్షన్ వద్దు. పోయిన గుజ్జు వ్యాయామంతోనూ రాదు, మాత్రలతోనూ రాదు. నొప్పి తగ్గడానికి అది తిరిగి రానక్కర్లేదు.

మీరు డ్రైవరు కాబట్టి ఇలా చెబుతాను. మెట్లు దిగేటప్పుడు తొడ ముందు కండరం బ్రేకు పని చేస్తుంది. ఆ బ్రేకు బలహీనపడితే భారం చిప్ప వెనక పడుతుంది. బ్రేకు బాగుచేయడమే మన పని.

మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి కిందికి నొక్కండి. తొడ బిగుసుకోవాలి. ఐదారు సెకన్లు పట్టి వదలండి, పదిసార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని కుడికాలు మడిచి, ఎడమకాలు వంచకుండా మూరెడు ఎత్తు లేపి ఆపండి. పక్కకు తిరిగి పడుకుని పైకాలు లేపడం కూడా చేయండి. తుంటి పక్క కండరాన్ని అందరూ మరిచిపోతారు. రెండు వారాలయ్యాక ఎత్తైన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చోండి. మెల్లగా అన్నానని గమనించండి, ధబీమని కూలబడితే లాభం లేదు. కండరానికి బలం రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులకే తీర్పు చెప్పకండి.

సీటు కాస్త వెనక్కి జరపండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగానే వంగి ఉండాలి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు కింద పెట్టండి. ఇక బరువు: 2005లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మనిషి ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుగునా దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. బస్టాండు బజ్జీల సంగతి నేను అడగను.

మోకాలు వేడెక్కి వాచినా, జ్వరం వచ్చినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, పిక్క వాచినా వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సిటీబస్సు_బాబాయ్

చాలా థాంక్స్ డాక్టర్ గారూ. ఒక్క అనుమానం. చేస్తుంటే నొప్పి వస్తే ఆపాలా, పళ్లు బిగించి చేయాలా? నీక్యాప్ వేసుకోవచ్చా?

తొడకండరం_ముఖ్యం

నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. ఐదు లోపు ఉంటే, మర్నాటికల్లా మామూలుకొస్తే భయం లేదు. అంతకు మించితే ఆపొద్దు, సంఖ్య తగ్గించండి. నొప్పి భయంతో కాలు కదపకుండా ఉంచితే కండరం ఇంకా సన్నబడుతుంది. నీక్యాప్ వేసుకుంటే ధైర్యంగా ఉందంటే డ్యూటీలో వేసుకోండి, ఇంట్లో తీసేయండి.

సిటీబస్సు_బాబాయ్ (తొమ్మిది వారాల తర్వాత)

చెప్పి పోదామని వచ్చాను. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు, మిమ్మల్ని మనసులో తిట్టుకున్నాను కూడా. నాలుగో వారంలో ఒకరోజు పటాన్‌చెరులో బస్సు దిగి టీకొట్టు దాకా వెళ్లాక గుర్తొచ్చింది, నేను కుంటలేదని. ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటాను గానీ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టడం లేదు. నొప్పి ఏడు నుంచి మూడుకొచ్చింది. బరువు మూడు కిలోలు తగ్గాను, బజ్జీలు పూర్తిగా మానలేదు. ఊళ్లో గొంతుకు కూర్చోవాల్సి వస్తే మాత్రం ఇంకా చుక్కలు కనిపిస్తున్నాయి.

మా కండక్టరమ్మ కూడా మొదలుపెట్టింది, రోజంతా నిలబడే ఉద్యోగం కదా. ఇంతకీ కుడికాలికి కూడా చేయాలా? దానికి నొప్పేమీ లేదు.

తొడకండరం_ముఖ్యం

చేయండి. ఆర్నెల్లుగా ఎడమకాలి బరువు కూడా మోస్తున్నది అదే.