ఉపసర్గ కలిపాక మార్చాలా, మార్చాక కలపాలా?

కావలి నుంచి ప్రశ్న:
మన నెల్లూరు దగ్గర పొలం దున్నుతుంటే ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల కాలపు రోమన్ నాణేలు బయటపడ్డాయి కదా. అలాంటి నాణేలు తెచ్చిన రోమన్ వర్తకులు ఇక్కడే స్థిరపడిపోయి ఉంటే వాళ్ల లాటిన్ ఏమయ్యేదో ఊహిస్తూ ఒక భాష కట్టుకుంటున్నాను. లాటిన్ మాటలను ధ్వని మార్పుల సూత్రాలతో మారుస్తుంటే విడి మాటలు బాగానే వస్తున్నాయి. ఉపసర్గ ఉన్న మాట దగ్గరే తేడా కొడుతోంది. 'అద్' (వైపు) అనే ఉపసర్గ, 'పోర్తారె' (మోయడం) విడివిడిగా మార్చి అతికిస్తే 'అపోర్తారె' వస్తోంది. ముందే కలిపితే 'అప్పోర్తారె'. ఏది సరి? రెండు వారాలుగా ఇదే టెన్షన్.

ఒంగోలు నుంచి జవాబు:
తమ్ముడూ, ముందు కలుపు, తర్వాతే మార్చు. 'ప' పక్కన చేరిన 'ద్' లాటిన్‌లోనే 'ప్' అయిపోయింది, మన సత్+జనుడు సజ్జనుడు అయినట్టు. లాటిన్ నుంచి పుట్టిన భాషల్లో ఇటాలియన్ ఆ ద్విత్వాన్ని నిలుపుకుంది, స్పానిష్ వదిలేసి 'అపొర్తార్' అంది. నీ వర్తకుల చుట్టూ ఉన్నది అప్పు, చెప్పు, ముద్ద అనే జనం. అందుకే ద్విత్వం ఉంచెయ్.

అసలు చూడాల్సింది వేరే ఉంది. మాట్లాడేవాళ్లకి ఆ ఉపసర్గ ఇంకా కనిపిస్తోందా? 'ఒజ్జ' అంటే ఉపాధ్యాయుడే, కానీ అందులో 'ఉప' ఎవరికి కనపడుతుంది? 'కోన్' అనే ఉపసర్గతో మొదలయ్యే 'కోన్‌స్తారె' కూడా అంతే. 'స' ముందు 'న్' జారిపోయి స్పానిష్‌లో 'కొస్తార్' అయింది, ఇంత ధర పలకడం అని అర్థం. ఉపసర్గ కనిపిస్తే మాత్రం జనం మాటను విప్పి మళ్లీ కడతారు. నచ్చకపోవడాన్ని లాటిన్‌లో 'దిస్ప్లికేరె' అనేవాళ్లు. లోపలున్న 'ప్లాకేరె' (నచ్చడం) గుర్తుండబట్టి ఆ 'ఇ' తీసేసి మళ్లీ 'ఆ' పెట్టుకున్నారు. ఇటాలియన్ 'దిస్ప్యాచేరె' అలా వచ్చిందే.

కావలి:
మరి స్పానిష్‌లో 'కొన్‌స్తార్' కూడా ఉంది కదన్నా?

ఒంగోలు:
అది తత్సమం. చదువుకున్నవాళ్లు తర్వాత పుస్తకాల లాటిన్ నుంచి తెచ్చుకున్నారు. మనకి పయనం, ప్రయాణం రెండూ ఉన్నాయి చూడు, అలా. కానీ నీ వర్తకులకి నెల్లూరులో లాటిన్ పుస్తకాలు ఎవరిస్తారు? చదువు మాటలు కావాలంటే వాళ్లు ప్రాకృతం, సంస్కృతాల వైపే చూస్తారు. లాటిన్ తత్సమాలు నీ జాబితాలో దాదాపు ఉండకూడదు.

కావలి:
అయితే బట్ట కుట్టడానికి 'కోన్‌సువెరె' ఉంది, అది 'కోసెరె' అయిపోవాలి!

ఒంగోలు:
అవును, స్పానిష్‌లో 'కొసేర్' అదే. కాకపోతే నీ వాళ్లు తెలుగు కూడా మాట్లాడతారు. పక్కనే మన 'కోసె' ఉంది. కుట్టడం, కోయడం ఒకేలా వినపడితే ఆ మాట నిలుస్తుందా, వేరే మాట వస్తుందా, అది నువ్వే తేల్చుకోవాలి.