టర్బో సీ: సూర్యుడికి కిరణాలు రావలసిన చోట మీసం వస్తోంది

అరసవల్లి_దారి:
శ్రీకాకుళంలో డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్ రికార్డు కోసం టర్బో సీలో, అంటే సీ భాషలో ప్రోగ్రాములు రాసే పాత సాఫ్ట్‌వేర్‌లో, రథసప్తమి సూర్యుణ్ణి గీస్తున్నాను. మధ్యలో వృత్తం, చుట్టూ 24 కిరణాలు, అంతే. రెండు రోజులుగా తెర మీద ‘గ్రాఫిక్స్ నాట్ ఇనిషియలైజ్డ్’ అన్న వాక్యం తప్ప చుక్క కూడా పడలేదు. బొమ్మల తెరను తెరిచే ఇనిట్‌గ్రాఫ్‌లో సీ డ్రైవు, టీసీ, బీజీఐ అని ఫోల్డరు దారి సరిగానే ఇచ్చాను.

గంటస్తంభం_సెంటర్:
టీసీ, బీజీఐ చిన్న అక్షరాల్లో రాసి, ముందు ఒక్కొక్క బ్యాక్‌స్లాష్ పెట్టి ఉంటారు. బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న టీ వస్తే సీ భాషలో అది ట్యాబు, చిన్న బీ వస్తే బ్యాక్‌స్పేస్. మీరు ఇచ్చిన దారిలో ఫోల్డరు పేర్లే మిగలలేదు. ప్రతిచోటా రెండేసి బ్యాక్‌స్లాష్‌లు పెట్టండి. ఆ ఫోల్డరులో ఈజీఏవీజీఏ అనే తెర డ్రైవరు ఫైలు ఉందో లేదో కూడా చూడండి. విజయనగరంలో పదకొండేళ్లుగా ల్యాబ్ చూస్తున్నాను, మొదటి వారమంతా ఈ గొడవే.

నాగావళి_గట్టు:
నాకైతే అంతదాకా కూడా రాలేదు, ప్రోగ్రాంను లైబ్రరీలతో కలిపే లింకర్ దగ్గరే ఆగిపోయింది. ఆప్షన్స్‌లో లింకర్, అందులో లైబ్రరీస్, అక్కడ గ్రాఫిక్స్ లైబ్రరీకి టిక్ పెట్టాక కదిలింది. అయినా ఈ కాలంలో టర్బో సీ ఎందుకు? పైథాన్ భాషలో బొమ్మలు గీసే టర్టిల్ ఉంది కదా.

గంటస్తంభం_సెంటర్:
పరీక్షలో అడిగేది ఇదే బాబూ. పైగా టర్టిల్ తిప్పలు టర్టిల్‌వి. సొంత ఫైలుకే టర్టిల్ అని పేరు పెట్టి, ప్రోగ్రాం తనను తానే పిలుచుకుంటుంటే ఏమీ అర్థంకాక కూర్చున్నవాళ్లను చూశాను.

అరసవల్లి_దారి:
మాస్టారూ, తెర తెరుచుకుంది! కానీ కిరణాలు చుట్టూ రావడం లేదు. వృత్తానికి అటూ ఇటూ అడ్డంగా ఒకే గీత. మా చెల్లి చూసి సూర్యుడికి మీసం పెట్టావా అంది. సైన్‌కి రేడియన్లు కావాలని తెలుసు. అందుకే డిగ్రీల్లో ఉన్న కోణం ఐ విలువను 180తో భాగించి, 3.14తో గుణించాను. ఐ 15 చొప్పున పెరుగుతుంది.

గంటస్తంభం_సెంటర్:
మీ 24 కిరణాలూ అక్కడే ఉన్నాయి. పన్నెండు కుడివైపు, పన్నెండు ఎడమవైపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఐ, 180 రెండూ పూర్ణాంకాలు కదా, భాగిస్తే 165 వరకు సున్నాయే, ఆ తర్వాత ఒకటి. అంటే మీకు దొరికిన కోణాలు రెండే. 180కి బదులు 180.0 అని రాయండి. ఇంకో మాట, చాపం గీసే ఆర్క్‌కి మాత్రం డిగ్రీలే ఇవ్వాలి, దాన్ని కూడా రేడియన్లలోకి మార్చకండి.

బొబ్బిలి_వీణ:
నేను గంటస్తంభమే గీశాను, పునాది పైన, శిఖరం కింద వచ్చింది. తలకిందులుగా తపస్సు చేస్తోందా అన్నారు మా సార్. తెర 640 అడ్డం, 480 నిలువు. సున్నా ఎడమ పై మూలలో ఉంటుంది, కిందికి దిగేకొద్దీ వై పెరుగుతుంది. గ్రాఫు కాగితం అలవాటుతో లెక్కించినదంతా 479 లోంచి తీసేశాక నిలబడింది.

అరసవల్లి_దారి:
కిరణాలు వచ్చాయి! రంగు నింపుదామని ఫ్లడ్‌ఫిల్ వాడితే కిరణాలతో సహా తెరంతా పసుపు అయిపోయింది.

బొబ్బిలి_వీణ:
వృత్తం ఏ రంగుతో గీశారు? ఫ్లడ్‌ఫిల్‌లో చివర ఇచ్చేది నింపే రంగు కాదు, ఆగవలసిన గట్టు రంగు.

అరసవల్లి_దారి:
వృత్తం పసుపు, 14. చివర ఇచ్చింది తెలుపు, 15.

బొబ్బిలి_వీణ:
తెల్ల గట్టు ఎక్కడా లేదు, ఇక నీళ్లు ఎక్కడ ఆగుతాయి? అక్కడ కూడా 14 ఇవ్వండి. రంగు నింపిన తర్వాతే కిరణాలు గీయండి.

అరసవల్లి_దారి:
ఆగింది. ఇప్పుడు బొమ్మ కనురెప్పపాటు మెరిసి మాయమవుతోంది. అది నాకే తెలిసింది లెండి, మీట నొక్కేదాకా తెరను ఆపే గెట్‌సీహెచ్ చివర పెట్టడం మరిచాను. రేపు రికార్డు ఇచ్చేస్తున్నాను.