కార్డుతో కట్టిన వెండర్‌కి 1099-ఎన్‌ఈసీ ఇవ్వాలా, వద్దా?

పద్దుపుస్తకం_హైదరాబాద్:
టెక్సస్‌లో ఒక ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పుస్తకాలు ఇక్కడి నుంచి చూస్తున్నాం. ఉద్యోగి కానివాళ్లకి ఏడాదిలో కట్టిన సొమ్మును అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కి చూపించే 1099-ఎన్‌ఈసీ ఫారం గురించే నా ప్రశ్న. వాళ్ల వెబ్‌సైట్ పని చేసే ఫ్రీలాన్సర్‌కి 2025లో మొత్తం 12,100 డాలర్లు వెళ్లాయి. చెక్కులతో 4,200, జెల్ అనే బ్యాంకు బదిలీ సర్వీసులో 1,500, క్రెడిట్ కార్డు మీద 3,100, పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ (వ్యాపార చెల్లింపు) కింద 900. మిగతా 2,400 ఒక బిల్-పే సర్వీసు ద్వారా వెళ్లింది. అది క్లయింటు కార్డు మీద ఛార్జ్ చేసి, ఫ్రీలాన్సర్‌కి చెక్కు పంపుతుంది. ఫ్రీలాన్సర్ తన పన్ను వివరాలు రాసిచ్చిన డబ్ల్యూ-9 ఫారంలో సోల్ ప్రొప్రైటర్ (ఒక్కడే సొంతంగా వ్యాపారం చేసేవాడు) అని ఉంది, కాబట్టి కార్పొరేషన్లకి ఉండే మినహాయింపు రాదు. మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ క్విక్‌బుక్స్ ఆన్‌లైన్ ఎన్‌ఈసీకి 6,600 చూపిస్తోంది. క్లయింటేమో "మొత్తానికీ ఇచ్చేయండి, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. 2026 జనవరి 31 శనివారం కాబట్టి ఫిబ్రవరి 2 దాకా గడువుంది. ఏ అంకె వేయమంటారు?

డాలస్_ఈఏ:
12,100 మాత్రం వేయకండి. క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు, పేపాల్ లాంటి నెట్‌వర్కుల ద్వారా వెళ్లిన డబ్బు అమెరికా పన్ను చట్టం సెక్షన్ 6050డబ్ల్యూ కిందికి వస్తుంది. దాన్ని చూపించాల్సింది కట్టినవాడు కాదు, ఆ లావాదేవీని సెటిల్ చేసిన సంస్థ. అదీ 1099-కే ఫారంలో. 2011 నుంచి ఇదే పద్ధతి. జెల్ అలా కాదు, డబ్బు బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా పోతుంది, జెల్ 1099-కే ఇవ్వదు. కాబట్టి అది చెక్కుతో సమానం, ఎన్‌ఈసీలోకి రావాలి.

న్యూజెర్సీ_సీపీఏ:
రూలు అదేనండీ, కానీ చిన్న వ్యాపారికి ఎటువైపు రిస్కు ఎక్కువో కూడా చూడాలి. ఎన్‌ఈసీ అసలు ఇవ్వకుండా 2026 ఆగస్టు 1 దాటితే ఒక్కో ఫారానికి 340 డాలర్ల పెనాల్టీ. ఎక్కువ చూపిస్తే ఎవరూ వెంటపడరు. పైగా పేపాల్ 900 సంగతి చూడండి. 2025 జులై చట్టంతో నెట్‌వర్కుల 1099-కే పరిమితి మళ్లీ 20,000 డాలర్లు, 200 లావాదేవీలకి వెళ్లిపోయింది. పేపాల్ ఇవ్వదు, మీరూ ఇవ్వకపోతే ఆ 900 ఎవరి కాగితంలోనూ ఉండదు.

డాలస్_ఈఏ:
పేపాల్ గురించి పన్ను రెగ్యులేషన్ నేరుగానే చెప్పింది. 1.6041-1(ఎ)(1)(iv) చదవండి. ఒక చెల్లింపు 6050డబ్ల్యూ కిందికి వస్తుందా రాదా అని తేల్చేటప్పుడు ఆ పరిమితిని లెక్కలోకి తీసుకోకూడదు. పేపాల్ ఫారం ఇచ్చినా ఇవ్వకపోయినా 900 మన ఎన్‌ఈసీలోకి రాదు. ఆదాయం చూపించుకునే బాధ్యత ఫ్రీలాన్సర్‌ది, ఫారం రాకపోయినా అది పోదు. అదే 900 ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ (సొంతవాళ్లకి పంపే పద్ధతి) కింద పంపి ఉంటే దాన్ని ఎన్‌ఈసీలో కలపమనేవాణ్ణి.

ఇక ఎక్కువ చూపిస్తే నష్టం లేదన్నది తప్పు. మీరు 12,100కి ఎన్‌ఈసీ ఇచ్చారు, కార్డు ప్రాసెసర్ 3,100కి 1099-కే ఇచ్చాడు. ఐఆర్‌ఎస్ కంప్యూటర్‌కి కనబడేది 15,200. ఫ్రీలాన్సర్ తన వ్యాపార ఆదాయం చూపే షెడ్యూల్ సిలో నిజాయితీగా 12,100 వేస్తే, అంకెలు కుదరలేదని సీపీ2000 నోటీసు ఆయన ఇంటికొస్తుంది. మన సౌకర్యం కోసం ఆయన్ని ఇరికించడం న్యాయం కాదు. పైగా పన్ను చట్టం సెక్షన్ 6721 పెనాల్టీ ఫారం ఇవ్వనివాళ్లకే కాదు, తప్పు అంకె ఇచ్చినవాళ్లకీ ఉంది.

క్లౌడ్‌లెడ్జర్:
6,600 ఎలా వచ్చిందో చూద్దాం. చెక్కులు, జెల్, పేపాల్ కలిపితే సరిగ్గా అంతే. అంటే మీ పుస్తకాల్లో పేపాల్ ఖాతా 'బ్యాంక్' రకంగా తెరిచి ఉంది. ఖాతా రకం క్రెడిట్ కార్డయితే క్విక్‌బుక్స్ తనంతట తనే తీసేస్తుంది, బ్యాంక్ అయితే కలిపేస్తుంది. డెబిట్ కార్డు పద్దులు ఎక్కువగా తప్పేది కూడా ఇక్కడే, అవి చెకింగ్ ఖాతా నుంచే కదా పోయేది.

సరిచేయడానికి ఆ లావాదేవీ తెరిచి, రెఫ్ నంబర్ గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో 'పేపాల్' అని టైప్ చేసి సేవ్ చేయండి. డెబిట్ కార్డయితే 'డెబిట్'. బ్యాంక్ ఫీడ్‌లో వచ్చినవాటికి ఈ గడి మామూలుగా ఖాళీగానే ఉంటుంది, ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. క్విక్‌బుక్స్ గుర్తుపట్టే మాటల్లో 'వీసా', 'డిస్కవర్'తోపాటు 'చేజ్' కూడా ఉంది. చేజ్ బ్యాంకు చెక్కు కదా అని ఎవరైనా నంబరు గడిలో ఆ మాట రాస్తే, ఆ చెక్కు లెక్కలోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. డెస్క్‌టాప్ వెర్షన్‌లో మినహాయించిన చెల్లింపులను విడిగా చూపించే బటన్ ఉంది. ఫైల్ చేసేముందు ఆ జాబితా తప్పక చదవండి.

న్యూజెర్సీ_సీపీఏ:
సరే, 3,100, 900 విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ బిల్-పే 2,400 తీసేయడం నాకు అస్సలు సమ్మతం కాదు. కార్డు తీసుకున్నది ఆ సర్వీసు, ఫ్రీలాన్సర్ కాదు. ఆయన చేతికొచ్చింది కాగితపు చెక్కు. కార్డును చెల్లింపుగా స్వీకరించినవాడికే 1099-కే వస్తుంది, ఆయన స్వీకరించలేదు. మీరు కార్డు వాడారన్న ఒక్క కారణంతో సాఫ్ట్‌వేర్ దాన్ని తీసేస్తోంది.

డాలస్_ఈఏ:
ఫ్రీలాన్సర్‌కి ఆ సర్వీసులో సొంత ఖాతా ఉండి, దాని ఒప్పందం కింద డబ్బు తీసుకుంటుంటే అది థర్డ్ పార్టీ నెట్‌వర్క్ అవుతుందని వాదించొచ్చు. ఊరికే పోస్టులో చెక్కు అందుకుంటే మాత్రం మీరన్నదే సబబు. వెండర్లకి 1099-కే ఇస్తారా లేదా అని ఆ సర్వీసును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టండి.

పద్దుపుస్తకం_హైదరాబాద్:
ఆయనకి అక్కడ ఖాతా లేదండీ, చెక్కు ఇంటికే వస్తుంది. మరి కార్డు ఖాతా మీద పడిన పద్దును క్విక్‌బుక్స్‌లో ఎన్‌ఈసీలోకి తేవడం ఎలా?

క్లౌడ్‌లెడ్జర్:
బ్యాంక్ రకంలో 'బిల్-పే క్లియరింగ్' అని ఒక ఖాతా తెరవండి. కార్డు నుంచి దాంట్లోకి 2,400 ట్రాన్స్‌ఫర్ రాయండి. ఫ్రీలాన్సర్ బిల్లును ఆ క్లియరింగ్ ఖాతా నుంచి కట్టినట్టు మార్చండి. క్లియరింగ్ నిల్వ సున్నాకి రావాలి, రాకపోతే ఏదో పద్దు రెండుసార్లు పడినట్టే. సర్వీసు ఫీజును ఇందులో కలపకండి. 2.9 శాతం అనుకుంటే 69.60 డాలర్లు, అది కార్డు మీద విడి ఖర్చుగా బ్యాంక్ ఛార్జీల్లోకి పోవాలి. పేపాల్ 900 కూడా తీసేశాక రిపోర్టు 8,100 చూపిస్తుంది.

న్యూజెర్సీ_సీపీఏ:
8,100కి నేనూ సంతకం పెడతాను. క్లయింటుకి ఇంకోటి కూడా చెప్పండి. 2026 చెల్లింపుల నుంచి ఎన్‌ఈసీ పరిమితి 600 నుంచి 2,000 డాలర్లకి పెరిగింది. కార్డు సొమ్ము తీసేశాక మిగిలినదాన్నే ఆ 2,000తో పోల్చాలి. పరిమితి పెరిగింది కదా అని డబ్ల్యూ-9 అడగడం మాత్రం మానొద్దు, మొదటి చెక్కు ఇచ్చేముందే తీసుకోమనండి.