రౌటర్ పోర్టులో కేబుల్ లాక్ విరిగితే కోసి జాక్ మార్చాలా, రిపేర్ క్లిప్పు తొడగాలా?

పోర్టు_నాలుగు:
మా రౌటర్‌కి వచ్చే నాలుగు లాన్ కేబుళ్లలో మూడింటికి జాక్ లాక్ విరిగిపోయింది. తుడుస్తుంటే చెయ్యి తగిలినా లింకు లైటు ఆరిపోతోంది. కేబుళ్లు గోడలోంచి వస్తాయి, బయటికి ఉన్నది జానెడే. కోసి కొత్త జాక్ కొట్టాలా, విరిగిన జాక్ మీద తొడిగే రిపేర్ క్లిప్పులు పనికొస్తాయా? ఇంకో సంగతి, ఇన్నాళ్లూ వదులుగా ఊగాయి కాబట్టి పోర్టులే దెబ్బతిన్నాయేమో ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తీగెల_పని:
కోసెయ్యండి, ఇందులో ఆలోచించేదేమీ లేదు. తీగల రంగులకి ఏ, బీ అని రెండు వరుసలు ఉంటాయి, ముందు అవతలి కొస ఏ వరుసలో ఉందో చూసుకోండి. బీ అయితే తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. జాక్ లాక్ కిందికి పెట్టి, వైరు దూరే నోరు మీవైపు తిప్పుకుంటే ఎడమ చివరిది ఒకటో పిన్ను. కొత్తవాళ్లయితే పాస్‌త్రూ జాక్ తీసుకోండి, తీగలు ముందునుంచి బయటికొస్తాయి, రంగులు కళ్లారా చూసుకుని టూల్‌తో జాక్ నొక్కొచ్చు.

నైట్‌షిఫ్ట్:
లాక్‌లు వాటంతట అవి విరగవు, విరగ్గొడతారు. మా సర్వర్ ర్యాక్‌లో ఎవరో కట్టలోంచి కేబుల్‌ని వెనక్కి లాగేశారు. లాక్ వెళ్లి పక్క కేబుళ్లకి కొక్కెంలా పట్టుకుంటుంది, ఇంకా లాగితే టక్. రాత్రంతా సర్వర్ లింకు పడిపోతూ లేస్తూ ఉంటే అలారాలన్నీ నా నెత్తిన. కేబుల్ లాగేముందు లాక్ మీద ఒక చుట్టు టేపు వెయ్యండి, పని అయ్యాక పీకేయండి. ఎంతమందికి చెప్పినా ఎవరూ చెయ్యరు.

క్లిప్పు_ప్రియ:
తొడిగే క్లిప్పులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి, నేను వాడుతున్నాను. కిటుకు ఒక్కటే. విరిగిన లాక్ తాలూకు మొండి ముక్క జాక్ మీద మిగిలి ఉంటుంది, దాన్ని కట్టర్‌తో చదునుగా తీసెయ్యాలి. జాక్ వెనక రబ్బరు బూటు (తొడుగు) ఉంటే వెనక్కి జరపాలి. తర్వాత క్లిప్పు తొడిగి పోర్టులోకి తోస్తే టిక్‌మని శబ్దం వస్తుంది. అది వినపడకపోతే పట్టనట్టే. గోడలో పొట్టి కేబుల్ ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి దారి లేదు.

తీగెల_పని:
క్లిప్పు లావుగా ఉంటుంది, పక్క పోర్టుకి అడ్డమొస్తుంది. పోర్టులు కిక్కిరిసిన స్విచ్‌లో పట్టదు. తాత్కాలికం అనండి, ఒప్పుకుంటాను.

ల్యాబ్_బెంచ్:
పాస్‌త్రూ అందరికీ చెప్పేయకండి సార్. నొక్కాక ముందు వైపు ఎనిమిది రాగి కొనలు బయటికే ఉంటాయి. టూల్ బ్లేడు మొద్దుబారితే కొన సాఫీగా తెగదు, సాగి పక్కదాని మీదికి వంగుతుంది. పీవోఈ లైన్లో, అంటే డేటాతో పాటు కరెంటూ పంపే కేబుల్లో, 57 వోల్టుల దాకా నడుస్తుంది, అక్కడ ఇది ప్రమాదం.

తీగెల_పని:
బ్లేడు మార్చుకునేవాడికి ఆ సమస్యే రాదు. మీరు ఎన్ని లైన్లు లాగారు? నాకు ఇదే వృత్తి. వేసిన ప్రతి లైనూ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగించి ఇస్తాను.

ల్యాబ్_బెంచ్:
ఎనిమిది లైట్లు వెలిగితే తీగ తెగలేదని, తారుమారు కాలేదని మాత్రమే తెలుస్తుంది. తీగలు జతలుగా మెలేసి ఉంటాయి, ఆ మెలిక ఎంత విప్పారో అది చెప్పదు. 13 మిల్లీమీటర్లు దాటి విప్పితే క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ పక్క జతలోకి దూరడం) పెరుగుతుంది, క్యాట్6 కేబుల్ కొని లాభమేంటి?

తీగెల_పని:
ఆ 13 మిల్లీమీటర్ల కోసమే పాస్‌త్రూ వాడమంటున్నది! మెలికని జాక్ నోటిదాకా లాక్కుని, మిగిలింది ముందు కోసేస్తాం. మామూలు జాక్‌లో తీగలు సమానంగా కోసి దూర్చాలి. కొత్త చేతులకి ఒకటి వెనకపడుతుంది, పిన్ను దానికి అందదు. పుస్తకం చదివి పాఠాలు చెప్పకండి.

ల్యాబ్_బెంచ్:
పుస్తకం కాదు, లెన్సు కింద పెట్టి చూసినవి. మీరు పాస్‌త్రూ కొట్టిన జాక్‌ని ముందునుంచి ఫొటో తీసి పెట్టండి, మాట్లాడుకుందాం.

తీగెల_పని:
పని మానుకుని మీకు ఫొటోలు పంపాలా? గొప్పగా ఉంది.

కెమెరా_మూల:
పీవోఈ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. మా కెమెరా గాలి వీస్తే చాలు రీస్టార్ట్ అయ్యేది. విరిగిన లాకే కారణం. స్విచ్ కరెంటు ఇచ్చేముందు అవతల 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉందా అని తడిమి చూసుకుంటుంది కాబట్టి దూర్చేటప్పుడు నిప్పురవ్వ రాదు. లోడు మీద ఉన్నప్పుడు ఊడితే వస్తుంది. ఊడినప్పుడల్లా పిన్నుల బంగారు పూత మీద మచ్చ పడుతుంది. వీధి గేటు కెమెరాకి లాక్ లేని జాక్ వదిలేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

గాలి_తరంగం:
ఇంత గొడవ దేనికి, వైఫై పెట్టుకోండి.

నైట్‌షిఫ్ట్:
చర్చ చదివి మాట్లాడండి. సర్వర్‌కి వైఫై ఏంటి?

గాలి_తరంగం:
అడిగిన మనిషిది ఇంటి రౌటర్, సర్వర్ మీది. ముందు మీరు చదవండి.

రాగి_రంగు:
ఒక మాట ఎవరూ అనలేదు. గోడలోది సాలిడ్ తీగ (ఒకే కడ్డీ), మెత్తగా వంగే ప్యాచ్ కార్డులోది (రెండు కొసలా జాక్ ఉన్న పొట్టి కేబుల్) సన్న పోగుల తీగ. సాలిడ్‌కి పిన్ను అడుగున పళ్లు తీగకి రెండు వైపులా దిగాలి, పోగుల తీగకి మధ్యలోంచి గుచ్చుకోవాలి. ఒకదానిది ఇంకోదానికి కొడితే మొదట పనిచేస్తుంది, తర్వాత వదులవుతుంది. జాక్ ప్యాకెట్ మీద ఏ తీగకో రాసి ఉంటుంది. కేబుల్ పైతోలు కూడా జాక్ లోపల కేబుల్‌ని నొక్కి పట్టే పట్టీ కిందికి వెళ్లాలి, లేకపోతే లాగిన బరువంతా సన్న తీగల మీదే.

పోర్టు_నాలుగు:
అందరికీ థాంక్స్. పోర్టు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ఒక కేబుల్ మీద లింకు స్పీడు 100 (మెగాబిట్లు) అనే చూపిస్తోంది, రౌటరూ కంప్యూటరూ రెండూ గిగాబిట్‌వే.

ల్యాబ్_బెంచ్:
100కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8లో ఏదో సరిగ్గా ఆనడం లేదు. చాలా నెట్‌వర్క్ కార్డులు గిగాబిట్ కుదరక కిందికి దిగి 100లో కుదురుకుంటాయి. పోర్టుకైతే, లాక్ బాగున్న కేబుల్ తెచ్చి ఒక్కో పోర్టులో పెట్టి మెల్లగా లాగండి. టిక్‌మని పట్టి ఆగితే పోర్టు మంచిదే. జారిపోతే లాక్ ఆనే అంచు లోపల అరిగింది లేదా విరిగింది, ఎన్ని జాక్‌లు మార్చినా నిలవదు. టార్చి వేసి లోపలి ఎనిమిది స్ప్రింగు తీగలు ఒకే ఎత్తులో ఉన్నాయో కూడా చూడండి.

తీగెల_పని:
ఇది మాత్రం సరిగ్గా చెప్పారు.

పోర్టు_నాలుగు:
చూశాను. మూడో పోర్టులో మంచి కేబుల్ కూడా జారిపోతోంది, మిగతావి పట్టాయి. 100 చూపించేది ఆ మూడోదే.

రాగి_రంగు:
మూడో పోర్టు వదిలేసి, రౌటర్ పక్కన చిన్న స్విచ్ పెట్టుకోండి. గోడ కేబుళ్లకి జాక్ కొట్టే బదులు గోడ మీద కీస్టోన్ (జాక్ దూర్చే సాకెట్) పెట్టెలో ముగించండి. తీగల్ని సాకెట్ గాళ్లలోకి దించే పంచ్‌డౌన్ టూల్‌తో నొక్కితే రెండంగుళాలు మిగిలినా సరిపోతుంది. అక్కణ్నుంచి రౌటర్‌కి ప్యాచ్ కార్డు. రేపు లాక్ విరిగితే కార్డు మార్చుకోవడమే, గోడ కేబుల్ జోలికి పోనక్కర్లేదు.

క్లిప్పు_ప్రియ:
కీస్టోన్ మంచిదే, కానీ పెట్టె బిగించేదాకా క్లిప్పులు తొడిగి నడిపించుకోండి.

కెమెరా_మూల:
కీస్టోన్ మీద పీవోఈ నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? బయట వానకి తడిసే చోట ఏ పెట్టె వాడారు?