సిరొంచ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పరిశోధన: ఊరివాళ్లను ఏ దశలో కలుపుకోవాలి?

ప్రశ్న:
మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో నాలుగు ఊళ్లు ఎంచుకున్నాం. ప్రశ్నావళి, తెలుగు అంగీకార పత్రాలు అచ్చయ్యాయి, సర్పంచులు సరేనన్నారు. జనవరిలో దిగుతున్నాం. ఊరివాళ్లు నిజంగా భాగస్తులు కావాలంటే ఏం చేయాలి? (జవాబిచ్చిన ఇద్దరూ పెట్టుకున్న పేర్లు: బోరింగు, అవతలి గట్టు.)

బోరింగు:
ప్రశ్నావళి అచ్చయ్యాక వాళ్లకి మిగిలేది జవాబు చెప్పడమేనండీ. దాన్ని పక్కన పెట్టి, విషయం గ్రామసభలో పెట్టించండి. ఊరికి ఆరుగురి జట్టు చాలు, సగంమంది ఆడవాళ్లు. జల్ జీవన్ మిషన్ (ఇంటింటి కుళాయి పథకం) కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలి, వాళ్లెవరో ముందు కనుక్కోండి. వచ్చిన రోజుకు ఉపాధి హామీ కూలికి తగ్గకుండా బడ్జెట్‌లోనే రాయండి. ఊరకే రమ్మంటే తీరికున్న ఇళ్లవాళ్లే మిగులుతారు.

మొదటిరోజు ముగ్గుపిండితో నేలమీద ఊరి పటం గీయించండి, ఆడవాళ్లు ఒకచోట, మగవాళ్లు ఒకచోట. మగవాళ్లు 'నడుస్తోంది' అని చూపిన బోరును ఆడవాళ్లు 'ఆ నీళ్లకు పప్పుడకదు' అని వదిలేస్తారు. రెండు పటాలు ఎక్కడ కలవవో అక్కడ అడగాల్సింది ఉంటుంది. చెరిపేముందు ఫొటో తీయండి.

అవతలి గట్టు:
జనవరి వద్దు. మిరప కోతలకు జనం నది దాటి తెలంగాణ వైపు పోతారు, ఆపైన మేలో తునికాకు. కట్టిన జట్టు నెలకే చెదురుతుంది. నాట్లయ్యాక, రాత్రి భోజనాల వేళ దాటాక కూర్చోండి. పత్రాల సంగతి: కుర్రాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడినా చదివింది మరాఠీ బడిలో. మరాఠీలో అచ్చేసి తెలుగులో చదివి వినిపించండి. మాడియా గిరిజనుల ఇళ్లకు ఆ భాష వచ్చినవాళ్లే వెళ్లాలి.

బోరింగు:
నమూనా తీసేముందు బోరు ఐదు నిమిషాలు కొట్టి నీళ్లు వదిలేయాలి. ప్లాస్టిక్ సీసానే వాడండి, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. అవే నీళ్లతో మూడుసార్లు తొలవాలి. నీళ్ల పరీక్ష కిట్‌లో వచ్చే రంగును ఇద్దరు విడివిడిగా చూసి రాయాలి, సాయంత్రం వెలుతురులో తప్పు పడుతుంది. ప్రతి పది నమూనాల్లో ఒకటి ల్యాబ్‌కు పంపండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరే, వేరే నీళ్లు లేకుంటే 1.5. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, చిక్కబడుతుంది. ఫలితాల కాపీ ఊళ్లోనే ఉండాలి. ఊరి పేరు బయటపెట్టాలా వద్దా వాళ్లనే తేల్చనివ్వండి.

ప్రశ్న అడిగినవారు:
అయితే పప్పుడకని బోర్లతో మొదలుపెట్టాలా?

అవతలి గట్టు:
తిరగేయండి. పప్పుడకదంటే నీళ్లలో సున్నం ఎక్కువ. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ అంతగా కరిగి నిలవదు. పప్పు తొందరగా ఉడుకుతుందని ఆడవాళ్లు మెచ్చుకునే బోర్లకే ముందు కిట్ పట్టుకెళ్లండి.