లివర్‌లో పనిచేసే జీన్ మెదడులో ఎందుకు ఊరుకుంటుంది?

మద్దిలపాలెం_ఎమ్మెస్సీ:
ఏయూలో బయోటెక్నాలజీ చదువుతున్నా, వచ్చే వారం సెమినార్, టెన్షన్‌గా ఉంది. డీఎన్ఏ అన్ని కణాల్లోనూ ఒకటే, ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) జీన్ ముందుండి దాన్ని ఆన్ చేసే డీఎన్ఏ ముక్క, అదే ప్రమోటర్, అదీ అన్నిట్లోనూ ఒకటే. మరి లివర్‌లో తయారయ్యే ఆల్బుమిన్ మెదడులో ఎందుకు తయారుకాదు? పుస్తకంలో "టిష్యూ స్పెసిఫిక్ ప్రమోటర్" అని ఒక ముక్క రాసి వదిలేశారు. తను ఏ కణంలో ఉందో ప్రమోటర్‌కి ఎలా తెలుస్తుందండీ?

ల్యాబ్_అక్క:
దానికేమీ తెలీదమ్మా. తేడా అంతా దాని మీద వచ్చి కూర్చునే ప్రోటీన్లలో ఉంది. ఆల్బుమిన్ ప్రమోటర్‌లో హెచ్ఎన్ఎఫ్1, సీఈబీపీ లాంటి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు (ఆ ప్రోటీన్లని అనేది ఇలాగే) అంటుకునే చోట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. అలాగని ఇవి లివర్ సొంతమేమీ కాదు, హెచ్ఎన్ఎఫ్1 కిడ్నీలోనూ ఉంటుంది, సీఈబీపీ కొవ్వు కణాల్లోనూ ఉంటుంది, కానీ అన్నీ తగినంత మోతాదులో ఒకేచోట కలిసేది లివర్ కణంలోనే. ప్రమోటర్‌లో ఉండే టాటా బాక్స్ అనే చిన్న ముక్క బొమ్మ గీసి ఇదే కారణం అని మాత్రం చెప్పకు! జీన్ చదవడం ఎక్కడ మొదలవ్వాలో చూడటమే దాని పని.

గాజువాక_బ్లడ్‌బ్యాంక్:
ఉదాహరణకి డఫీ జీన్ పెట్టండి, మన ఏజెన్సీ మలేరియా తెలిసినవాళ్లు చెవులు రిక్కిస్తారు. వైవాక్స్ మలేరియా క్రిమి ఎర్ర రక్తకణంలోకి దూరడానికి డఫీ ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. పశ్చిమ ఆఫ్రికాలో చాలామందికి ఈ జీన్ ప్రమోటర్‌లో ఒకే ఒక్క అక్షరం, టీ ఉండాల్సిన చోట సీ. దాంతో గాటా1 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అక్కడ అంటుకోలేదు, ఎర్ర కణాల్లో ప్రోటీన్ రాదు. రక్తనాళాల లోపలి పొరలో మాత్రం మామూలుగానే వస్తుంది, ఎందుకంటే అక్కడ ఈ జీన్ గాటా1 మీద ఆధారపడదు. 1995లోనే తేల్చారు. మీ సార్ అడగొచ్చు కాబట్టి ఇదీ చూసుకోండి: డఫీ లేనివాళ్లకీ వైవాక్స్ సోకినట్టు 2010లో మడగాస్కర్ నుంచి రిపోర్టు వచ్చింది.

ఉప్పాడ_రొయ్య:
అంతా ప్రమోటరే అనుకుంటే కుదరదు బ్రదర్. ఎలుకలో ఆల్బుమిన్ ఎన్‌హాన్సర్ (జీన్ పనిని పెంచే డీఎన్ఏ ముక్క) సుమారు 10,000 బేస్‌ల, అంటే డీఎన్ఏ అక్షరాల, దూరంలో ఉంది. పాలు అరిగించే లాక్టేజ్‌దైతే ఇంకా విచిత్రం, దాదాపు 14,000 బేస్‌ల అవతల, ఎంసీఎం6 అనే పక్క జీన్ ఇంట్రాన్‌లో (ప్రోటీన్‌గా మారని ముక్కలో) కూర్చుంది. మధ్యలో డీఎన్ఏ వంగి ఎన్‌హాన్సర్‌ని ప్రమోటర్ దగ్గరికి తెస్తుంది.

మద్దిలపాలెం_ఎమ్మెస్సీ:
థ్యాంక్స్ అండీ, డఫీ పెట్టేస్తా. మరి అన్ని కణాల్లోనూ పనిచేసే హౌస్‌కీపింగ్ జీన్ల సంగతేంటి అక్కా?

ల్యాబ్_అక్క:
వాటి ప్రమోటర్లు ఎక్కువగా సీపీజీ ఐలాండ్స్‌లో (సీ, జీ అక్షరాల జంటలు గుంపుగా ఉండే చోట్లలో) ఉంటాయి, మిథైలేషన్ (జీన్‌ని మూసి ఉంచే రసాయన గుర్తు) లేకుండా తెరుచుకునే ఉంటాయి. మనుషుల ప్రమోటర్లలో సుమారు 70 శాతం ఆ రకమే. ఆల్బుమిన్‌ది ఆ రకం కాదు. రెండూ పక్కపక్కన స్లైడ్‌లో పెట్టు.